వంకలోని రాళ్ళకు ఇంట్లోనే మెరుగు

పావగడ తాలూకాలో నీళ్ళకు కరువు గాని రాళ్ళకు కరువు లేదు. ఏ వాకిట నిలబడి చూసినా ఒక గుట్టో, ఒక గుండో కంటబడుతుంది. చేనిలో నాగలిని సాగనివ్వనిది ఆ రాయే, కాలిబాటన నడక సాగనివ్వనిదీ ఆ రాయే. అటువంటి చోట పుట్టినవారితో "రాళ్ళు ఏరుకొని రండి, మెరుగు పెడదాము" అని ఎవరైనా అంటే నవ్వు రాకేం చేస్తుంది? మా ఇంట్లోనూ మొదట నవ్వారు.

అయినా చదువరులలో చాలామంది చిన్ననాడు చేసిన పనే ఇది. వాన కురిసి, వంక పారి తగ్గిన మరునాడు చెప్పులు చేతబట్టుకొని ఇసుకలో నడుస్తుంటే తడిసిన గులకరాయి ఒకటి కనబడుతుంది. ఒళ్ళంతా గులాబిరంగు, నడుమ పచ్చని చార, అంచున పాలవంటి తెలుపు. జేబులో వేసుకొని ఇంటికి తెస్తాము. సాయంత్రం తీసి చూస్తే ఆ రాయి ఉండదు, దాని చోట ఒక మసక రాయి ఉంటుంది. ఎవరూ మార్చలేదు, తడి ఆరిపోయింది, అంతే. రాతి పైభాగమంతా కంటికి ఆనని గుంటలు, గరుకులు. వెలుతురు వాటిమీద పడి నలుదిక్కులా చెదరిపోతుంది, అందువల్ల రంగు మసకబారుతుంది. నీరు ఆ గుంటలను నింపినంతసేపు పైభాగం నునుపుగా ఉండి లోపలి రంగు బయటికి వస్తుంది. ఆ తడిరంగును ఆరిపోకుండా నిలపటమే మెరుగు పెట్టటం. నూనె రాస్తే నాలుగు దినాలు నిలుస్తుంది. వార్నీషు పూస్తే కొన్నాళ్ళకు పెచ్చులూడుతుంది. గరుకునే అరగదీసి తీసివేస్తే మన మనుమల కాలానికి కూడ నిలుస్తుంది.

ఈ అరగదీసే పనిని ఏరు తనంతట తాను చేస్తూనే ఉంది. నందికొండల దగ్గర పుట్టిన ఉత్తర పినాకిని మన నాగలమడికెలో సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిని తాకి, అనంతపురం, కడప సీమలు దాటి, నెల్లూరు దిగువన సముద్రంలో కలిసేసరికి 597 కిలోమీటర్లు నడుస్తుంది. నిజానికి రాతిని నునుపు చేసేది నీరు కాదు. రాతిని రాయి, రాతిని ఇసుక ఒరుసుకొని నునుపు చేసుకొంటాయి, నీరు వాటిని దొర్లిస్తుంది. ఏటికి లెక్కలేనన్ని ఏండ్లు పట్టే పనిని మూతగల పీపాలో వేసి నాలుగైదు వారాలలో చేయించుకోవచ్చు. ఇందుకు కావలసిన యంత్రం తయారుగా బజారులో దొరుకుతుంది. మాది మాత్రం ఇంట్లో చేసినది.

మా మేనల్లుడు పాలిటెక్నిక్ చదివినవాడు. నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకటి తెచ్చి, ఒక కొన మూసి, రెండో కొనకు మరబిరడా బిగించాడు. గొట్టం చుట్టూ పాత సైకిలు ట్యూబు అతికించాడు. బేరింగుల మీద తిరిగే రెండు ఇనుపకడ్డీలను పక్కపక్కన అమర్చి, వాటికీ రబ్బరు తొడిగి, ఒకదానిని చిన్న గేరు మోటారుకు కలిపాడు. పీపా ఆ కడ్డీల మీద పడుకొని తిరుగుతుంది. నిమిషానికి 30 నుంచి 60 చుట్ల దాకా ఉండవచ్చు, మాది 50 తిరుగుతుంది. అంతకంటె బాగా వేగం పెంచితే రాళ్ళు గోడకు అంటుకొని దొర్లవు, ఎత్తునుండి దబ్బున పడి పగులుతాయి కూడ. 20 వాట్ల మోటారు రాత్రింబగళ్ళు తిరిగినా దినానికి అర యూనిట్టు కాలదు. నాలుగు వారాలకు పదమూడు, పద్నాలుగు యూనిట్లు. నడుమ కరెంటు పోతే పని చెడదు గాని, పూటలకొద్దీ రాకపోతే లోపలి బురద అడుగున పేరుకొని గట్టిపడుతుంది. అటువంటప్పుడు పీపాను చేత్తో నాలుగుసార్లు తిప్పి పెట్టటం మంచిది.

మొదటి వారం మా అమ్మ దినానికి రెండుమార్లు వసారాలోకి వచ్చి చెవి ఒగ్గి విని పోయేది. మూడోనాడు "ఏందిరా, ఇంగా ఉడకలేదా?" అన్నది. పిల్లలు "జేజీ, ఉడకను నెల పడుతుంది" అంటే, "నెల దినాలు పొయ్యి మీద పెట్టి తినేదానికి రాళ్ళే దొరికినాయా మీకు" అని లోపలికి వెళ్ళింది.

ఇక ఏ రాళ్ళు ఏరుకోవాలన్నది. అందరూ తప్పేది ఇక్కడే. మేమూ తప్పాము.

మన కాలికింద ఉన్నదానికి భూగర్భ శాస్త్రజ్ఞులు క్లోజ్‌పేట గ్రానైటు అని పేరు పెట్టారు. క్లోజ్‌పేట అంటే రామనగరానికి ఒకప్పటి పేరు. మైసూరులో రెసిడెంటుగా ఉండిన బారీ క్లోజ్ దొర పేరిట ఏర్పడినది. రామనగరం కొండలు, మాగడి దగ్గరి సావనదుర్గం, మధుగిరి, మన పావగడ కోటకొండ, అంతా ఉత్తర దక్షిణాలుగా సాగిన ఒకే రాతి వరుస. వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఈ రాతిలో గులాబిరంగున ఉండేది ఫెల్‌స్పార్, గాజులాగా బూడిదరంగున ఉండేది పలుగురాయి, నల్లగా తళుక్కుమనేది అభ్రకం. అక్కడక్కడ పెసరపచ్చ చారలుగా ఎపిడోట్ అనే ఖనిజం పాకి ఉంటుంది.

ఇంత అందమైన రాయి పీపాలో ఎందుకు రాణించదని మేము చాలా దినాలు తల పట్టుకొన్నాము. కారణం సులభమే. పలుగురాయి గట్టి, అభ్రకం మెత్తన. రెండూ ఒకే రాతిలో ఉంటే మెత్తనిది ముందు అరిగి గుంటపడుతుంది, గట్టిది మిట్టగా మిగులుతుంది. పీపానుండి తీసేసరికి రాయి మశూచి మచ్చల ముఖంలాగా తయారవుతుంది. కోతమిల్లులలో ఇదే గ్రానైటు అద్దంలాగా మెరుస్తున్నదే అనవచ్చు. అక్కడ పలక మీద చదునైన బిళ్ళ నొక్కి తిప్పుతారు, మిట్టా పల్లమూ రెంటినీ అది ఒకే మట్టానికి తెస్తుంది. పీపాలో ఆ కట్టుబాటు లేదు. కాబట్టి గ్రానైటులోనే కావాలంటే నలుసు సన్నగా, అభ్రకం తక్కువగా, గులాబి, పెసరపచ్చ కలిసిన ముక్కలను ఏరుకోవాలి. అవి దొరికితే వదలవద్దు.

అన్నిటికంటె నమ్మదగినది పలుగురాయి. కన్నడం వారు బెణచుకల్లు అంటారు. గరుసు నేలలలో తెల్లగా పరచుకొని ఉంటుంది, చెరువు కట్టల మీద, వంకల ఒడ్డున ఎంతైనా దొరుకుతుంది. కాని లోపల బీటలు లేనిది చూసుకోవాలి. రాతిని తడిపి ఎండకు పట్టి చూస్తే నీరు బీటలోకి దిగి గీతలాగా కనబడుతుంది. అటువంటిది పక్కన పెట్టండి, పీపాలో అది విరిగి దాని వాడి అంచు మిగతావాటిని గీరుతుంది. నల్లరాయి, అంటే గ్రానైటును చీల్చుకొని గోడలాగా సాగే డోలరైటు, నున్నగా అవుతుంది గాని మిలమిల తక్కువ. తెలంగాణలో బంధువులున్నవారు గోదావరి ఇసుకలోని అకీకు ముక్కలు నాలుగు తెప్పించుకొంటే మేలు. దక్కను నల్లరాతి పొరలలో పుట్టి ఏటి వెంట కొట్టుకొని వచ్చిన రాయి అది. కొత్తవారి చేతిలో కూడ బాగుపడే గుణం దానిది.

గట్టిదనం తెలుసుకోవటానికి 1812లో మోస్ అనే జర్మను పండితుడు పది మెట్ల కొలత ఒకటి ఏర్పరచాడు. సుద్దకంటె మెత్తనైన బలపపురాయిది ఒకటో మెట్టు, వజ్రానిది పదో మెట్టు. మన వంటింటి చాకు అయిదున్నర దగ్గర ఉంటుంది, గాజుసీసా కూడ ఇంచుమించు అంతే. ఫెల్‌స్పార్ ఆరు, పలుగురాయి ఏడు. చాకు గీస్తే గాటు పడే రాయి మనకు పనికిరాదు. గాజుసీసాను తాను గీయగలిగిన రాయి పనికివస్తుంది. సున్నపురాయి అనుమానం ఉంటే గోకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే నురగ వస్తుంది. ఒక పీపాలో వేసేవన్నీ ఒకే గట్టిదనం గలవై ఉండాలన్నది మరువరాదు. ఆరూ ఏడూ కలవవచ్చు, మూడూ ఏడూ కలవరాదు. సైజు మాత్రం చిన్నా పెద్దా కలిసి ఉండటమే మంచిది. కుంకుడుకాయంతవి కొన్ని, నిమ్మకాయంతవి రెండు మూడు. చిన్నవి సందులలో దూరి పెద్దవాటి మూలలను అరగదీస్తాయి.

ఇప్పుడు అరగదీసే పొడి సంగతి. ఇది వ్రాయటానికే మేము ముఖ్యంగా కలం పట్టాము.

పలుగురాయిని అరగదీయాలంటే ఏడుకంటె గట్టిదైన పొడి కావాలి. ఏటి ఇసుక కూడ పలుగురాయే కాబట్టి ఇసుకతో పని తెమలదు. నేడు అంతటా వాడేది సిలికాన్ కార్బైడు, హార్డువేరు అంగళ్ళలో కార్బోరండం పొడి అని అమ్మేది. దీనికి ఈ పేరు ఎట్లా వచ్చిందో చూడండి. 1891లో అమెరికాలో ఆచెసన్ అనే ఆయన కృత్రిమంగా వజ్రం చేయాలని మట్టినీ బొగ్గునూ కలిపి విద్యుత్తుతో కాచాడు. వజ్రం రాలేదు, నల్లగా మెరిసే పలుకులు వచ్చాయి. కార్బనూ కొరండమూ కలిసి పుట్టినదనుకొని కార్బోరండం అని నామకరణం చేశాడు. ఆయన ఊహ తప్పు, పేరు మాత్రం నిలిచింది. ఆ కొరండం అన్న మాట ఎవరిది? మనదే. మన కురువిందం, అరవవారి కురుందం ఇంగ్లీషువారి నోటబడి కొరండం అయింది. కెంపూ నీలమూ కూడ ఆ జాతివే. రంగులేక, పారదర్శకం కాక మసకగా ఉన్నది మాత్రం సానరాయికి పోయింది. మోస్ మెట్లలో దానిది తొమ్మిది, పైన వజ్రం ఒక్కటే.

ఈ కురువిందం తుమకూరు, అనంతపురం సీమల మట్టిలో దొరికేదే. 1898లో భారత భూగర్భ శాఖవారు దీనిని గూర్చి ప్రత్యేకంగా ఒక గ్రంథమే ప్రకటించారు. పూర్వం సానపట్టేవారు దీనిని దంచి, జల్లించి, లక్కలో కలిపి చక్రంగా పోతపోసేవారు. ఒక చేత కమానుతో చక్రాన్ని ముందుకూ వెనకకూ తిప్పుతూ, రెండో చేత రాతిని ఒత్తి పట్టేవారు. భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించినప్పుడు స్ఫటికపు భరిణెలు బయటపడ్డాయి. స్ఫటికమంటే వేరేమీ కాదు, కల్మషం లేని పలుగురాయి. రెండువేల ఏండ్లకు పూర్వం మోటారూ కరెంటూ లేకుండ దానిని తొలిచి, నునుపు చేసి, మెరుగు దిద్దిన పనివారు మన కృష్ణాతీరాన ఉన్నారన్నమాట. గుజరాతులోని ఖంభాతులో అకీకు పూసలు చేసేవారైతే ఇంకొక ఉపాయం పన్నారు. పూసలనూ కురువిందం పొడినీ నీటితో తోలుసంచిలో పోసి మూతి బిగించి, ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు కూర్చొని పక్షం దినాలపాటు దానిని ఒకరివైపు ఒకరు లాగుకొంటూ దొర్లించేవారు. మా వసారాలో తిరిగే పీపా ఆ తోలుసంచికి మనుమరాలే.

పని నాలుగు దశలు. పొడిని నంబరు చెప్పి కొనాలి. నంబరు జల్లెడ కన్నులను బట్టి ఏర్పడింది కాబట్టి, నంబరు పెరిగిన కొద్దీ పొడి సన్నమవుతుంది. మొదట 80, తరువాత 220, ఆపైన 500, చివర మెరుగు పొడి. పీపాలో మూడింట రెండు వంతులు దాటి, ముప్పాతికకు మించకుండ రాళ్ళు నింపి, పై రాళ్ళ నెత్తి మాత్రం కనబడేటంత నీరు పోయాలి. కిలోన్నర పట్టే పీపాకు పొడి నాలుగు పెద్ద చెంచాలు. సరిగా నింపిన పీపా దూరాన వాగు పారుతున్నట్టు ఒకే తీరున గరగరమంటుంది. దడదడమంటే రాళ్ళు చాలలేదు, చప్పుడే లేకపోతే ఎక్కువైనాయి. మా అమ్మ చెవి ఒగ్గి వినటంలో నిజంగా లోకజ్ఞానం ఉంది.

మొదటి దశ వారం నుంచి పది దినాలు. గరుకుగా వచ్చిన రాయికి ఇంకొక వారమైనా తప్పులేదు. ఆకారం వచ్చేది ఇక్కడే, తరువాతి దశలన్నీ గీతలను సన్నబరచటానికి మాత్రమే. ఇక్కడ తొందరపడినవాడు చివర వగచవలసిందే. ఎత్తులో పావువంతు దాకా అరిగిపోతుంది, జంకవద్దు. మొదటి రెండు మూడు దినాలు దినానికొకసారి మూత విప్పి మళ్ళీ బిగించండి. కొన్ని రాళ్ళ వల్ల లోపల వాయువు పుట్టి పీపా ఉబ్బుతుంది.

దశకూ దశకూ నడుమ కడగటమన్నది ఒకటుంది. పత్రికలలో దీనిని ఒక్క మాటలో వ్రాసి వదిలేస్తారు. అందువల్లనే మా మొదటి పీపా చెడింది. రాళ్ళను రెండుమార్లు నీళ్ళలో జాడించి బాగానే ఉన్నాయనుకొన్నాము. నాలుగో దశలో వారం తిప్పి తీసి చూస్తే రాళ్ళన్నిటిమీదా పిల్లిగోళ్ళ గీతలు. మూత లోపలి అంచులో 80 నంబరు పొడి నాలుగు పలుకులు చిక్కి ఉండిపోయినాయి. నెల దినాల శ్రమను ఆ నాలుగు పలుకులు తిన్నాయి. ఇప్పుడు ప్రతి దశకూ పాత పళ్ళకుంచెతో రాతి పగులు పగులునా రుద్ది, పీపానూ మూతనూ విడిగా తోమి, ఆఖరి దశకు వేరే పీపానే వాడుతున్నాము. బీట ఉన్న రాతిని ఎంత మక్కువగా ఉన్నా మెరుగు దశకు పోనివ్వము, పాత పొడి దాక్కునేది అక్కడే.

మూడో దశ నుంచి పలుగురాయి అంచులు చితికి తెల్లమచ్చలు పడతాయి. సన్న ప్లాస్టిక్ గుళికలు రెండు పిడికిళ్ళు కలిపితే రాయికీ రాయికీ నడుమ మెత్తలాగా ఉంటాయి. చివరి దశకు అల్యూమినియం ఆక్సైడు పొడి వేస్తాము. ఇది మళ్ళీ మన కురువిందమే, కార్ఖానాలో శుభ్రంగా తయారైనది. వారం తరువాత సబ్బుబిళ్ళ తురుము వేసి నీటిలో నాలుగైదు గంటలు తిప్పి కడిగితే పని ముగిసింది. మెరుగు వచ్చిందా లేదా అని తెలుసుకోవాలంటే రాతిని ఆరబెట్టి చూడాలి. తడిసినప్పటికీ ఆరినప్పటికీ రంగు ఒకటిగా ఉంటే వచ్చినట్టు. తేడా ఉంటే ఒక దశ వెనక్కి పోవాలి.

నీళ్ళ సంగతి మన తాలూకావారు ముందే అడుగుతారని తెలుసు. మాకూ గుండెలో అదే ముల్లు. తాగే నీటికి బిందెలు వరుసగా పెట్టిన ఊరిలో రాళ్ళు కడగటానికి బకెట్లు పారబోయటం మా చేత కాలేదు. మా పద్ధతి ఇది. రెండు బకెట్లు ఉంచుకొన్నాము. కడిగిన నీరు ఒక రాత్రి నిలవ ఉంచితే బురద అడుగుకు దిగి పైన తేట తేరుతుంది. ఆ తేటతోనే మరుసటి దశ మొదటి కడుగు సాగుతుంది. ఆఖరి జాడింపుకు మాత్రం మంచినీరు ఒక చెంబు. అడుగు బురదను ఎన్నడూ తూములో పోయవద్దు, సిమెంటులాగా బిగుసుకొంటుంది. పెరటిలో గుంట త్రవ్వి అందులో పోసి, పైన మట్టి కప్పుతాము.

మట్టి ఎందుకు కప్పుతామో చెప్పవలసి ఉంది.

మా మేనల్లుడు ఒకనాడు ఏటినుంచి పెద్ద పలుగురాయి తెచ్చాడు. పీపాలో పట్టదు. చేతి కోతమిషనుతో పెరటిలో కూర్చొని కోయసాగాడు, నీరు లేకుండ. పెరడంతా తెల్లని పొగ. దానిమ్మ చెట్టు ఆకుల మీద పిండి చల్లినట్టయింది. పిల్లలు చుట్టూ చేరి చూస్తున్నారు. మేమూ అరుగు మీద నిలబడి చూస్తున్నవారమే, దాచటమెందుకు. ఆ సమయాన మా బావగారు, అంటే వాడి తండ్రి, పండుగకని వచ్చి వసారాలో కూర్చొని ఉన్నారు. ఆయనకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. లేచి గోడ పట్టుకొని వచ్చి, ఏమీ అనకుండ ప్లగ్గు పీకివేశారు. కొంతసేపు ఊపిరి కూడదీసుకొని, "నా రొమ్ములో ఉండేది ఈ పొడే గదరా నాయనా, నీకెందుకు పెట్టినాను చదువు" అన్నారు.

బావగారు పద్దెనిమిది ఏండ్లు క్వారీలో తమరు వేసే పని చేశారు. ఆ కూలితోనే కొడుకును చదివించారు. దగ్గు మొదలైనప్పుడు ఒక ఆసుపత్రిలో క్షయ అని చెప్పి నెలల తరబడి మాత్రలు మింగించారు. తగ్గలేదు. చాలా కాలం తరువాత వేరొక వైద్యుడు, "మీరు చేసిన పని ఏమిటి?" అని అడిగాడు. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. ఎక్స్‌రే చూసి, రాతిపొడి వల్ల వచ్చిన సిలికోసిస్ అని చెప్పాడు.

పలుగురాయి రసాయనంగా సిలికా. తిరుమణి వైపు పదమూడువేల ఎకరాలలో పరచిన సౌరఫలకాలలోని సిలికాన్ ఆ జాతి రాతినుంచి తీసినదే, ఇంట్లో కిటికీ అద్దమూ అదే. ముద్దగా ఉన్నంత వరకు అంత సాధువైనది లేదు. పొడిగా మారితే సంగతి వేరు. కంటికి కనబడే పొడిని ముక్కూ గొంతూ ఆపుతాయి. కనబడని నలుసు ఊపిరితిత్తుల అడుగుకు దిగి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ కండ గట్టిపడి మచ్చకడుతుంది, గాలికి చోటు తగ్గిపోతుంది. పని మానినా మచ్చ పెరగటం ఆగకపోవచ్చు. దీనిని నయం చేసే మందు లేదు. క్షయ కూడ ఇటువంటివారికే త్వరగా అంటుకొంటుంది, అందుకే రెంటినీ పోల్చుకోవటంలో పొరపాట్లు జరుగుతాయి. మన తెలుగువారూ అరవవారూ వేలుగా పనిచేసిన కోలారు బంగారు గనులలో ఈ జబ్బును గూర్చి 1940లలోనే వైద్యులు వ్రాసి పెట్టారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో తప్పక తెలియజేయవలసిన జబ్బుల పట్టికలో ఇది ఉండేది. తోలుసంచి ఉపాయం కనిపెట్టిన ఖంభాతులోనే, తరువాతి కాలాన మోటారు సానచక్రాలు వచ్చి, ఇంటింటా పొడి రేగి, పనివారూ పక్క ఇళ్ళవారూ కూడ ఈ జబ్బు బారిన పడ్డారు. సంచిలో తడిగా దొర్లినంత కాలం లేని కీడు, పొడిగా చక్రం మీద పెట్టగానే వచ్చిపడింది.

కాబట్టి మా ఇంట ఇప్పుడు కోతమిషను లేదు. పీపా పని ఆసాంతం తడిలోనే సాగుతుంది కనుక దానివల్ల భయం లేదు. పెద్ద రాతిని పగలగొట్టాలంటే తడిపిన గోనెపట్టలో చుట్టి, కంటికి అద్దాలు పెట్టుకొని, సుత్తితో ఒక దెబ్బ వేస్తాము. పొడిని డబ్బానుంచి తీసేటప్పుడు ఎత్తునుండి పోయము, చెంచాతో నీటి దగ్గరగా దించుతాము. నేల మీద ఒలికిన బురద ఆరితే మళ్ళీ పొడే. దానిని చీపురుతో ఊడ్వరాదు, తడిగుడ్డతో తుడవాలి. పెరటి గుంటమీద మట్టి కప్పేదీ అందుకే. ముక్కుకు కట్టిన తువ్వాలు ఈ పొడిని ఆపదు. క్వారీలో బావగారు పద్దెనిమిది ఏండ్లూ తువ్వాలు కట్టుకొనే పని చేశారు. చదువరుల ఇళ్ళలో రాతిపని చేసినవారు ఎవరికైనా విడవని దగ్గు ఉంటే, వైద్యుడు అడగకపోయినా, చేసిన పని ఏమిటో, ఎన్నేండ్లు చేశారో మీరే ముందుగా చెప్పండి.

రాళ్ళు ఏరేటప్పుడు ఇంకొక జాగ్రత్త. కోటగోడల రాళ్ళు, గుడి ఆవరణలోవి, వీరగల్లు ముక్కలు ముట్టుకోరాదని వేరుగా చెప్పనక్కరలేదు. చెప్పవలసినది చేలలో దొరికే ఒక రాతిని గూర్చి. అరచేతిలో ఇమిడే నల్లరాయి, ఒక కొన సన్నగా, రెండో కొన గొడ్డలి అంచులాగా పదునుగా, ఒళ్ళంతా నున్నగా ఉంటుంది. పిడుగుతో పడిన రాయని చెట్టుకింది దేవుని పక్కన పెట్టటం పల్లెలలో కద్దు. అది పిడుగు రాయి కాదు, నవశిలాయుగపు గొడ్డలి. మొళకాల్మూరు తాలూకా బ్రహ్మగిరిలో 1947లో వీలర్ త్రవ్వించినప్పుడు ఇటువంటివి బయటపడ్డాయి. బళ్ళారి దగ్గర సంగనకల్లు, కుప్‌గల్ గుట్టలమీద వీటిని చేసిన చోటులే ఉన్నాయి, గొడ్డళ్ళను నూరి నూరి గ్రానైటు బండలలో పడిన గాళ్ళు నేటికీ కనిపిస్తాయి. బ్రూస్ ఫూటు ఏరిన ఇటువంటి రాళ్ళను 1904లో మదరాసు మ్యూజియంవారు కొన్నారు. మన సీమలో రాతికి మొదట మెరుగు పెట్టినవాడి చేతిపని అది. దానిని పీపాలో వేస్తే వారంలో అతని గుర్తులన్నీ చెరిగి ఉత్త గులకరాయి మిగులుతుంది. దొరికితే కడగకుండ, ఏ చేనిలో ఏ వైపు దొరికిందో చీటీ వ్రాసిపెట్టి, పురావస్తు శాఖవారికి చూపండి.

మా నాలుగో పీపా పోయిన నెల దిగింది. పదునాలుగు రాళ్ళు వేస్తే తొమ్మిది నిలిచాయి. అందులో నాగలమడికె ఇసుకలో దొరికిన గులాబి, పెసరపచ్చ రాయి ఒకటి, ఆరినా తడిసినట్టే ఉంది. మా అమ్మ దానిని కరెంటు బిల్లుల మీద బరువుగా పెట్టుకొంది. బావగారికి ఏది కావాలంటే అది తీసుకోమని పళ్ళెం ముందు పెట్టాము. ఒక్కొక్కటే ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ పళ్ళెంలో పెట్టేశారు. మేనల్లుడు అయిదో పీపాకు మొన్న సోమవారం 80 నంబరు పొడి వేశాడు.